దొరకని కృపావరం

డెబ్బైల నాటికి ఆళ్లగడ్డ తాలూకాలో కృపావరాలు నలుగురైదుగురు ఉండేవాళ్లు. ఒకాయన బడిపంతులు, ఒకాయన ఆసుపత్రిలో కాంపౌండరు, ఇంకొకాయన చర్చిలో గంట కొట్టేవాడు. చెడుగుడు ఆడే కృపావరం వేరు. అతని ఇల్లు తెలియాలంటే 'దొరకని కృపావరం' అని అడగాలి. అట్లా అడిగితే బస్టాండులో చెనిక్కాయలు అమ్మే ముసలామె కూడా దారి చెప్పేది. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఎందుకు పెట్టారో మాత్రం తెలుసని అందరూ అనుకునేవాళ్లు, కృపావరం అందరికంటే ఎక్కువగా అనుకునేవాడు. అతని జీవితంలో జరిగిన పొరపాటంతా అక్కడే ఉంది.

ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరంలో, కేసీ కాలువ కింద వాళ్ల ఊరు. తండ్రి నతానియేలు శిల్పుల కొట్టాలకు కొండ నుంచి రాళ్లు తోలే బండ్ల మీద కూలి. కృపావరం పదిహేనో ఏట ఆ పనిలోకి దిగాడు. రాయి ఎత్తీ ఎత్తీ పిక్కలు గట్టిపడ్డాయి, రొమ్ము విచ్చుకుంది, దమ్ము పెరిగింది. బండి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు దాని పక్కన కూత పెట్టి పరిగెత్తేవాడు. ఒక్క ఊపిరికి ఎంత దూరం పోగలడో రోజూ చూసుకునేవాడు. తల్లి సారమ్మకు ఈ కూతలు నచ్చేవి కావు. దెయ్యం పట్టినోని మాదిరి ఆ గొణుగుడేందిరా అని తిట్టేది.

ఉగాదికో తిరునాళ్లకో ఊళ్లో చెడుగుడు పందెం పెట్టేవాళ్లు. ఊరివాళ్లది ఒక జట్టు, పేటవాళ్లది ఒక జట్టు. పేట అంటే చర్చి ఉన్న వైపు. గెలిచిన జట్టుకు పొట్టేలు. కృపావరం మధ్య గీత దాటి కూతకు పోయాడంటే అవతలి ఏడుగురూ వెనక్కి వెనక్కి జరిగి చివరి గీత మీద నిలబడేవాళ్లు. అతను ఇంకో అడుగు వేస్తే ఇద్దరు ముగ్గురు గీత దాటి బయటికి దిగిపోయేవాళ్లు. బయట కాలు పెట్టినవాడు అవుటు కాబట్టి తమంతట తామే చెయ్యెత్తి నడుచుకుంటూ పోయి కూర్చునేవాళ్లు. కృపావరం ఎవరినీ తాకకుండానే తీరిగ్గా తిరిగి వచ్చేవాడు. చుట్టూ చేరినవాళ్లు ఈలలు వేసేవాళ్లు. పొట్టేలు పేటకు పోయేది.

"నన్ను చూస్తేనే జడుసుకుంటాండారు మా," అని తల్లితో చెప్పుకునేవాడు. సారమ్మ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకునేది.

అతనికి లోకం తెలియదని కాదు. ఊరి హోటల్లో తనకు వేరే గ్లాసు ఉందని, తాగిన తర్వాత అది తనే కడిగి బోర్లించాలని తెలుసు. ఎవరి వాకిట్లో ఎంత దూరంలో ఆగాలో తెలుసు. కానీ సున్నం గీతల లోపల అవేమీ ఉండవని నమ్మాడు. ఆడే చోట మనిషికీ మనిషికీ పోటీ, దమ్ము ఉన్నవాడు గెలుస్తాడు, అంతే అనుకున్నాడు. ఇరవై ఏళ్లవాడు ఆ మాత్రం నమ్మినందుకు తప్పు పట్టడానికి లేదు. నమ్మకపోతే ఆడనే ఆడడు.

డెబ్బై నాలుగులో ఆళ్లగడ్డ తిరునాళ్ల పందేనికి నంద్యాలలోని ఒక నూలు మిల్లు మేనేజరు వచ్చాడు. లక్ష్మీనారాయణ అని, ఆటల పిచ్చి ఉన్న మనిషి. మిల్లుకు ఒక జట్టు ఉంది. చుట్టుపక్కల ఎక్కడ మంచి ఆటగాడు కనపడినా పిలిచి పని ఇచ్చేవాడు. మిల్లు పుస్తకాల్లో కృపావరం పత్తి బేళ్లు మోసే హమాలీ. నిజానికి పొద్దున ఆట, మధ్యాహ్నం కాసేపు గోడౌను, పోటీలుంటే అదీ లేదు. ఆటకే జీతం. కొత్తగా పెళ్లయిన ఎస్తేరు ఆ సంగతి విని నవ్వాపుకోలేకపోయింది. "కూత కూసేదానికి దుడ్లిస్తారంటనా మామా? మా నాయన అయితే కూసినందుకు తన్నేటోడు," అంది. ఇద్దరూ ట్రంకు పెట్టె ఒకటి, చాప ఒకటి తీసుకుని నంద్యాల బస్సెక్కారు.

మిల్లు జట్టు కెప్టెన్ చెన్నకేశవులు. ఆళ్లగడ్డలో భూములున్న ఇంటివాడు, మిల్లులో పత్తి కొనుగోలు గుమాస్తా. ఆటలో ఎడమ మూల అతనిది. కూతకు వచ్చినవాడి మడమ పైన కాలి గిలక అతని చేతికి చిక్కిందంటే ఇక ఆ కాలు ఆ మనిషిది కాదు. జిల్లాలో అంతటి పట్టు ఇంకొకరికి లేదని చెప్పుకునేవాళ్లు. మాట మెత్తన, మనసులో కుళ్లు లేనివాడు. కృపావరాన్ని ఎక్కడికి పోయినా పొగిడేవాడు. మా కృపావరం ఉంటే కప్పు మాదే అనేవాడు.

ప్రాక్టీసులో కృపావరం కూతకు వస్తే చెన్నకేశవులు రెండు చేతులూ పైకెత్తేవాడు. "నిన్ను పట్టేది మా చేత యాడైతాదిలేప్పా. పో, పాయింటు నీదే," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. కృపావరమూ నవ్వేవాడు. ఎదుటివాడు కూతకు వచ్చినప్పుడు మిగతా జట్టు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని గొలుసు కట్టేది. కృపావరాన్ని మాత్రం వెనకాల నడిమధ్యలో ఒంటరిగా నిలబెట్టేవాళ్లు. "నువ్వు దమ్ము దాచుకో. పట్టుడు మేం చూసుకుంటాం," అనేవాడు కెప్టెన్. అది కూడా తనకిచ్చే మర్యాదే అనుకున్నాడు. రెండేళ్లు అట్లానే గడిచాయి. ఆ రెండేళ్లలో ప్రాక్టీసులో ఒక్కసారి కూడా అతని ఒంటి మీద ఎవరి చెయ్యీ పడలేదు.

అతనికున్న కోరిక ఒక్కటే. రాష్ట్ర జట్టులో ఆడాలి. రాష్ట్ర జట్టు బనియను మీద నంబరు ఎట్లా కుడతారో కూడా కనుక్కుని పెట్టుకున్నాడు.

డెబ్బై ఆరులో రాయలసీమ జిల్లాల పోటీలు నంద్యాలలోనే పెట్టారు. రాష్ట్ర జట్టుకు మనుషులను ఏరడానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. నందికొట్కూరు వాళ్లతో మొదటి ఆట ఎప్పటి మాదిరిగానే అయిపోయింది. వాళ్లు వెనక్కి జరిగారు, కృపావరం పాయింట్లు ఏరుకుని వచ్చాడు. రెండో ఆట గుంతకల్లు జట్టుతో. ఆ ఏడుగురూ ఏడు ఊళ్ల నుంచి పనుల కోసం వచ్చి రైల్వే కాలనీలో కలిసినవాళ్లు. కృపావరం ఎవరి కొడుకో, ఏ పేటవాడో వాళ్లకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

కృపావరం కూత పెట్టి గీత దాటాడు. వాళ్లు వెనక్కి పోలేదు. ముందుకు వచ్చారు. కుడి మూలలో ఉన్న బక్క మనిషి నేల మీద పడి కాలి గిలక అందుకున్నాడు. ఇంకొకడు నడుము చుట్టేశాడు, మిగతావాళ్లు మీద పడ్డారు. కృపావరానికి ఏం చేయాలో తోచలేదు. కాలు లాక్కోవాలా, ముందుకు పడాలా, భుజంతో తొయ్యాలా, ఏదీ తెలియదు. మీద పడిన మనుషుల బరువుకు ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది, కూత ఆగిపోయింది. ఆ ఆటలో తొమ్మిదిసార్లు కూతకు పోయాడు. ఏడుసార్లు దొరికాడు. చూడ్డానికి వచ్చిన ఆళ్లగడ్డ వాళ్లు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, చివరికి లేచి పోయారు.

సాయంత్రం రాష్ట్ర జట్టు పేర్లు చదివారు. మిల్లు జట్టు నుంచి ఒకే పేరు వచ్చింది. చెన్నకేశవులు.

కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఆ బక్క మనిషి సోడా పట్టుకుని వచ్చాడు. పేరు ఖాదరు అని చెప్పాడు.

"ఏమనుకోవద్దన్నా, ఒకటి అడుగుతా. నీ కూత బాగుంది, కాలు బాగుంది. పట్టినాక మాత్రం చిన్నపిల్లోని మాదిరి పడిపోతాండావ్. మీ టీమోళ్లు ప్రాక్టీసులో నిన్ను పట్టరా?"

"నేను దొరకను గదా," అన్నాడు కృపావరం.

ఖాదరు అతని మొహంలోకి చూసి సోడా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కృపావరం ఆ సోడా తాగలేదు. దొరకను గదా అన్న మాట నోటి నుంచి బయటికి వచ్చాక మొదటిసారి అతనికి తప్పుగా వినపడింది. పొట్టేలు గెలిచిన పందేలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. వెనక్కి జరిగిన కాళ్లు, గీత దాటి బయటికి దిగిన కాళ్లు, పైకెత్తిన చేతులు. వాళ్లు జడుసుకున్నారనే ఇన్నేళ్లూ అనుకున్నాడు. జడుసుకున్న మాట నిజమే, అతని ఆటకు కాదు.

ఇంటికి పోయి ఎస్తేరుకు చెప్పాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "ఇప్పుడా తెలిసింది నీకు?" అంది.

"నీకు తెలుసునా?"

"పేటలో అందరికీ తెలుసు. మీయమ్మకూ తెలుసు. నువ్వు అంత సంబరపడతాంటివి. యెట్ల చెప్పేది మామా."

ఊరివాళ్ల మీద వచ్చిన కోపం కంటే ఆ మాట మీద వచ్చిన కోపం ఎక్కువ. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అందరికీ తెలిసి, తనొక్కడే బరి మధ్యలో రొమ్ము విరుచుకుని తిరిగాడన్నమాట. గెలిచిన పొట్టేళ్ల మాంసం తిన్నవాళ్లందరూ తెలిసే తిన్నారు.

మర్నాడు ప్రాక్టీసుకు పోగానే కృపావరం చెన్నకేశవులు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"అన్నా, ఈ పొద్దు నన్ను పట్టు."

"ఏందప్పా పొద్దున్నే? మనోడివి, నిన్ను పట్టి ఏం జేసుకోవల్ల."

"ఒక్కసారి పట్టు. ఎట్ల ఇడిపించుకోవల్లనో నేర్చుకుంటా."

చెన్నకేశవులు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పట్టకూడదని కాదు కృపావరం. ఇంట్లో మాయమ్మ ఉండాది. ఎవురో ఒకరు చెప్తారు. తలకు పోసుకుంటేనే లోపలికి రానిస్తాది. ఊరికే ఎందుకప్పా లేనిపోని రగడ."

"ఆట అయినాక చెమటకు ఎట్లనో పోసుకుంటావు గదన్నా."

"అది వేరే," అన్నాడు చెన్నకేశవులు. కసిరినట్టు అనలేదు. చిన్నపిల్లాడికి సర్దిచెప్పినట్టు నవ్వుతూ అన్నాడు. కసిరి ఉంటే కృపావరం పోట్లాడేవాడు. ఆ నవ్వును ఏం చేయాలో తెలియలేదు.

ఇక చేసేది లేక ఇంట్లో వాళ్లనే పట్టుకోమన్నాడు. ఆదివారం చర్చి అయిపోయాక నంద్యాల పక్కన పారే కుందేటి ఇసుకలోకి ఎస్తేరును, బావమరిది ఇమ్మానుయేలును, సంఘంలోని ఇద్దరు కుర్రాళ్లను వెంటబెట్టుకుని పోయేవాడు. వాళ్లు నలుగురూ మీద పడేవాళ్లు. ఎస్తేరు చీర దోపుకుని అతని కాలి మీద కూర్చునేది. "ఇడిపించుకో చూస్తాం. పెండ్లైనప్పట్నుంచి ఇడిపించుకోలేకపోతివి," అని ఏడిపించేది. ఇమ్మానుయేలు నవ్వి నవ్వి పట్టు వదిలేసేవాడు. కృపావరానికి నవ్వు వచ్చేది కాదు. పదేళ్లప్పుడు పడీ లేచీ నేర్చుకోవలసింది ఇరవై ఆరో ఏట నేర్చుకుంటున్నాడు. ఎవరైనా కాలు అందుకోగానే ఒళ్లు తన మాట వినకుండా బిగుసుకుపోయేది. వద్దని ఎంత చెప్పుకున్నా బిగుసుకుపోయేది.

మూడేళ్లు కష్టపడితే కొంచెం దారికి వచ్చింది. డెబ్బై తొమ్మిది పోటీల్లో నడుము పట్టిన ఇద్దరిని ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చాడు. కుర్చీల్లో ఉన్న పెద్దమనుషులు ఏదో రాసుకున్నారు. తర్వాతి కూతలో ఒకడు కాలు పట్టాడు. కృపావరం బిగుసుకున్న ఒంటితోనే మెలి తిరిగాడు. కాలు వాడి చేతిలో ఉండిపోయింది, మోకాలు పక్కకు పోయింది. నాటు వైద్యుడు కట్టు కట్టి నలభై రోజులు పడుకోమన్నాడు. లేచాక మిల్లువాళ్లు ఆట నుంచి పేరు తీసేశారు. పుస్తకాల్లో హమాలీ కాబట్టి బేళ్లు మొయ్యమన్నారు. ఆ మోకాలితో ఏడాది మోశాడు. తర్వాత వాళ్లే వద్దన్నారో, తనే మానుకున్నాడో, అడిగితే ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఆళ్లగడ్డకు తిరిగి వచ్చి ఒక శిల్పి కొట్టంలో విగ్రహాలను సానరాయితో నున్నగా రుద్దే పనికి కుదిరాడు. గుడికి చేరకముందు దేవుణ్ని ఎవరు రుద్దినా ఎవరికీ అభ్యంతరం లేదు.

ఎనభై మూడులో ఒక మధ్యాహ్నం చెన్నకేశవులు స్కూటరు మీద ఆ కొట్టానికి వచ్చాడు. మిల్లు వదిలేసి ఊళ్లో సేద్యం చూసుకుంటున్నాడు, పొట్ట వచ్చింది. ఆళ్లగడ్డలో కుర్రాళ్ల సంఘం ఒకటి పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు.

"పిల్లోల్లకు ఆట నేర్పల్లప్పా. నీ మాదిరి కూత పెట్టేటోడు ఈడ ఎవురుండారు. కూత నువ్వు నేర్పించు, పట్టుడు నేను చూసుకుంటా."

కృపావరం చేతిలోని సానరాయి కింద పెట్టాడు. "రెండూ నేనే నేర్పిస్తా. ఒప్పుకుంటే వస్తా, ల్యాకుంటే ల్యా."

చెన్నకేశవులు స్కూటరు ఎక్కుతూ, "సరేలే, నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో అతను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

కృపావరం మాత్రం చాలా పట్టించుకున్నాడు. తను రాష్ట్ర పోటీలకు పోలేకపోయాడు. తన చేతి కింద పెరిగిన జట్టు పోవాలి. జిల్లా గెలిస్తే రాష్ట్రానికి పంపుతారు. జిల్లా గెలవాలంటే కూత ఒక్కటే చాలదని, పట్టడమూ పట్టు విడిపించుకోవడమూ రావాలని అతని కంటే బాగా తెలిసినవాడు తాలూకాలో లేడు.

తొమ్మిది మంది పిల్లలు వచ్చారు, పదహారు పదిహేడేళ్లవాళ్లు. నలుగురు భూములున్న ఇళ్లవాళ్లు, వాళ్లలో ఒకడు చెన్నకేశవులు కొడుకు ఓబులేసు. ముగ్గురు పేటవాళ్లు, ఇద్దరు శిల్పుల పిల్లలు. పేటవాళ్లలో సంజీవయ్య అనే పిల్లాడిది పాదరసం లాంటి కాలు. ఓబులేసుది తండ్రి చెయ్యే. సంజీవయ్య కుడి మూలలో, ఓబులేసు అతని పక్కన నిలబడి ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే ఆ గొలుసును దాటి పోవడం ఎవరి తరమూ కాదు. ఇదంతా కృపావరం మొదటి వారంలోనే చూసుకున్నాడు. పట్టుకుంటే.

"చేతులు పట్టుకోండి," అన్నాడు. ఓబులేసు భుజం మీది టవలు తీసి ఒక కొస తను పట్టుకుని రెండో కొస సంజీవయ్య వైపు విసిరాడు. సంజీవయ్య అది మామూలే అన్నట్టు అందుకున్నాడు. మిగతావాళ్లూ అంతే చేశారు. ఇద్దరు పిల్లల మధ్య మూరెడు గుడ్డ. కృపావరం అరిచాడు, తిట్టాడు, విజిలు నేలకేసి కొట్టాడు. "చెమటకు చెయ్యి జారతాది, టవలైతే పట్టు బాగుంటాది," అన్నాడు ఓబులేసు. ఆ పిల్లాడు కృపావరాన్ని పేరు పెట్టీ పిలిచేవాడు కాదు, సార్ అనీ అనేవాడు కాదు. అసలు పిలవకుండా పని జరుపుకునేవాడు.

ఎనభై నాలుగు జిల్లా పోటీలకు నంద్యాల పోయారు. ఆట మొదలవగానే అంపైరు విజిలు వేశాడు. "ఆ గుడ్డలేందయ్యా? చేతిలో ఏమీ ఉండకూడదు," అని టవళ్లన్నీ తీయించి గీత అవతలికి విసిరేయించాడు. టవళ్లు పోయాయి, చేతులు కలవలేదు. ఓబులేసుకూ సంజీవయ్యకూ మధ్య మూరెడు సందు అట్లాగే ఉండిపోయింది. ఎదుటి జట్టువాళ్లకు ఆ సందు కనపడటానికి రెండు కూతలు పట్టింది. తర్వాత ప్రతిసారీ అందులోంచే దూరి పోయారు. సంజీవయ్య ఒక్కడే పద్నాలుగు పాయింట్లు తెచ్చినా ఓడిపోయారు.

కృపావరం బస్సు దిగి ఇంటికి పోయి ఎస్తేరు మీద విరుచుకుపడ్డాడు. "ఆ పిల్లోల్లు చెడ్డోల్లు గాదే. అడిగితే నీళ్లిస్తారు, బువ్వ పెడతారు. చెయ్యి మాత్రం ఇయ్యరు. ఏం జేసేది నేను?" అన్నాడు.

"మానుకో. ఎవురు రమ్మన్నారు," అంది ఎస్తేరు.

మానుకుంటానన్నాడు. మూడు రోజులు పోలేదు. నాలుగో రోజు పోయాడు. అట్లా ఆ ఏడాదిలో ఐదారుసార్లు మానుకున్నాడు.

ఎనభై ఐదులో పద్ధతి మార్చాడు. టవలు తెచ్చినవాడు ఇంటికి పోవాలి. రోజూ తనే కుంటుకుంటూ కూతకు పోతాడు, వాళ్లు తనను పట్టాలి. వెనక్కి జరిగినవాడు మైదానం చుట్టూ పది రౌండ్లు పరిగెత్తాలి. పిల్లలు వెనక్కి జరిగేవాళ్లు, తర్వాత బుద్ధిగా పది రౌండ్లు పరిగెత్తేవాళ్లు. ముప్పై ఐదేళ్ల కుంటి మనిషిని పట్టడం కంటే వాళ్లకు అదే సులువు. ఒళ్లు మండిపోయి ఇరవై అన్నాడు. ఇరవై పరిగెత్తారు. నెల తిరిగేసరికి తాలూకాలో వాళ్లంత దమ్మున్న పిల్లలు లేరు, గొలుసు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అందరికంటే ఎక్కువ రౌండ్లు ఓబులేసువి. ఒక్కసారీ ఎదురు చెప్పలేదు, ఒక్కసారీ పట్టలేదు.

పోటీలు ఇంకో ఆరు రోజులున్నాయనగా ఒక సాయంత్రం కృపావరం ఎప్పటి మాదిరే కూతకు పోయాడు. అప్పటికే బాగా అలిసిపోయి ఉన్నాడు. కుడి మూల దాకా పోయి సంజీవయ్యను తాకాడు. తిరగబోతుంటే మోకాలు మడత పడి కింద పడ్డాడు. కూత ఆపలేదు. కూత పెడుతూనే మోచేతుల మీద గీత వైపు పాకాడు. గీత ఇంకో బారెడు ఉంది. అందుకుంటే పాయింటు అతనిదే. అప్పుడు ఓబులేసు దూకాడు. ఆలోచించి చేసిన పని కాదు. ఆటగాడు చేసే పని చేశాడు. రెండు చేతులతో కాలు పట్టి వెనక్కి లాగాడు. సంజీవయ్య నడుము మీద పడ్డాడు, ఆ తర్వాత మిగతా అందరూ పడ్డారు.

కృపావరానికి ఊపిరి ఆడలేదు. కూత ఆగిపోయింది. మీద తొమ్మిది మంది పిల్లల చెమట, మోచేతులు, ఆయాసం. మట్టి నోట్లోకి పోయింది. మోకాలు సలుపుతున్నా లెమ్మని అనాలనిపించలేదు. సొంత ఊరి వైపు మనుషుల చేతికి దొరకడం అతనికి అదే మొదలు, చెప్పలేనంత సంతోషమైంది.

"గిలకకు పైన పట్టినావు. ఇంకా కిందికి పట్టల్ల," అన్నాడు ఆ కుప్ప అడుగు నుంచి.

పిల్లలు పగలబడి నవ్వారు. ఓబులేసు లేచి, "దెబ్బ తగిలిందా సార్?" అని చెయ్యి అందించాడు.

ఆ మర్నాడు, ఆ పై రోజు గొలుసు కుదిరింది. సంజీవయ్యా ఓబులేసూ చేతివేళ్లు ముడేసుకుని నిలబడితే కృపావరం ఎన్ని వైపుల నుంచి పోయినా సందు దొరకలేదు. జిల్లా కొడతాం అన్నాడు ఎస్తేరుతో. ఆమె ఈసారి ఏడిపించలేదు.

మూడో రోజు భూములున్న ఇళ్ల పిల్లలు నలుగురూ రాలేదు. మిగతా ఐదుగురూ మైదానంలో ఊరికే నిలబడి ఉన్నారు. కాసేపటికి చెన్నకేశవులు స్కూటరు వచ్చింది. కృపావరం దగ్గరికి నడిచి వచ్చాడు.

"మా వాడు ఇంటికొచ్చి సంబరంగా చెప్పినాడు," అన్నాడు. "దొరకని కృపావరాన్ని నేను పట్టినా అని, వాళ్ల అవ్వ ముందరే చెప్పినాడు. వీధి వీధంతా చెప్పుకున్నాడు. మాయమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టల్యా. మిగిలిన ముగ్గురి ఇండ్లలోనూ ఇదే రగడ."

"మూడు రోజుల్లో పోటీలన్నా. ఏడుగురు ల్యాకుంటే బరిలోకే రానియ్యరు."

"నాకు తెల్దా? నేనేం జేసేది చెప్పు. కూత నేర్పించు, పట్టుడు నేను చూసుకుంటా అని మొదట్నే చెప్తి గదప్పా."

కృపావరం ఏదో పెద్ద మాటే అనబోయాడు. పదేళ్లుగా లోపల పేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఎదురుగా నిలబడిన మనిషి మొహం చూస్తే అతను కూడా రెండు రోజులుగా సరిగ్గా తిన్నట్టు లేదు. 

"మీ వాడు బాగా పట్టినాడన్నా," అన్నాడు. "నీ పట్టు కంటే గట్టిది."

చెన్నకేశవులుకు ఆ మాట ఎక్కడో తగిలింది. ఆటగాడి రోషం ఇంకా చావలేదు. "నేనూ పట్టేటోణ్నే," అన్నాడు. "నువ్వు తిరిగేటప్పుడు ఎడమ కాలు ముందేస్తావు. కుడి కాలు రవ్వంతసేపు అట్లే నిలబడిపోతాది. దమ్ము సగం అయిపోయినాక అయితే ఇంకా ఎక్కువసేపు. మిల్లులో మొదటి రోజే చూసినా. పట్టల్లనుకుంటే రోజుకు పదిసార్లు పట్టేటోణ్ని."

కృపావరం తన కుడి కాలి వైపు చూసుకున్నాడు. గుంతకల్లు వాళ్లు ఏడుసార్లు పట్టింది ఆ కాలే. మోకాలు పోయింది ఆ కాలికే. ఎక్కడ తప్పు చేస్తున్నాడో తెలియక కుందేటి ఇసుకలో మూడేళ్లు దొర్లాడు.

"మొదటి రోజే చూసినావా?"

"మొదటి రోజే."

ఐదుగురు పిల్లలూ గీత మీద నిలబడి ఇటే చూస్తున్నారు. కృపావరం గొంతు పెంచలేదు.

"నోటితో అన్నా చెప్పల్ల గదన్నా," అన్నాడు. "చెప్పేదానికి ముట్టుకునే పనిల్యా గదా."